చీమలు పాకినట్టు

"కళ్లు మూసుకో నాయినా" అంది గ్లోరీ.

సైదులు మూసుకున్నాడు. కూతురు దుప్పటి పైకి మడిచి అతని కుడి పాదం మీద సూది గుచ్చింది.

"ఏమన్న తెలుస్తాందా?"

"ఏం లేదు బిడ్డా."

ఎడమ పాదం మీద గుచ్చింది. మోకాలి కింద గుచ్చింది. అక్కడ చిన్న రక్తపు చుక్క వచ్చింది. దూదితో తుడిచి దుప్పటి కప్పేసింది.

సైదులు మేళ్లచెరువులో సిమెంటు లారీలకు బస్తాలెత్తే హమాలీ. వానాకాలంలో ఒక పొద్దున లోడు మీద నిలబడి తాడు బిగిస్తుంటే తాడు తెగింది. వెల్లకిలా కింద పడ్డాడు. వెన్నుపూస విరిగింది. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు కానీ బొడ్డు కింద అతనికి ఏమీ తెలియడం లేదు. కాళ్లలో తిమ్మిరో మంటో ఏదో ఒకటి మొదలైతే ఆశ ఉన్నట్టేనని, లేదంటే జీవితమంతా మంచమేనని డాక్టరు చెప్పాడు. అందుకే రోజూ సాయంత్రం ఈ సూది.

గ్లోరీ నల్గొండలో నర్సింగ్ చదివింది. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి ఉద్యోగానికి పరీక్ష రాయబోతోంది. అక్కడికి వేరే దేశాల రోగులు వస్తారు కాబట్టి పరీక్షంతా ఇంగ్లీషులోనే. రోగి తన బాధను ఏ మాటతో చెబితే అది దేనికి గుర్తో తెలిసి ఉండాలి. తండ్రికి ఒళ్లు తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, వీపు మీది పుండ్లకు మందు రాసి, ఆ మంచం పక్కనే కూర్చుని పైకి చదువుకునేది.

టింగ్లింగ్ అంటే చీమలు పాకినట్టు. ప్రికింగ్ అంటే ముల్లు దిగినట్టు. స్టింగింగ్ అంటే తేలు కుట్టినట్టు. స్మార్టింగ్ అంటే పుండు మీద ఉప్పు పడ్డట్టు.

గోడ వైపు తిరిగి పడుకున్న సైదులు అన్నీ వినేవాడు. నొప్పికి ఇన్ని పేర్లెందుకని ఒకసారి అడిగాడు. ఒక్కో నరం ఒక్కో తీరుగా చెబుతుందని, ముందు చీమలు పాకినట్టు ఉంటే తర్వాత ముల్లు దిగినట్టు తెలుస్తుందని ఆమె చెప్పింది. అతను తల ఇటు తిప్పాడు.

"స్మార్ట్ అంటే మంటనా? మరి గా ఫోనుకు గా పేరెందుకు పెట్టిన్రు?"

గ్లోరీ నవ్వింది. వంటింట్లో ఉన్న తల్లి జంగమ్మ కూడా నవ్వింది. అతను పడ్డాక ఆ ఇంట్లో నవ్వు వినిపించడం అదే మొదలు.

పరీక్ష పాసైంది. ఉద్యోగం వచ్చింది. గ్లోరీ మాత్రం వెళ్లనంది. జంగమ్మ బతిమాలింది. పాస్టరుతో చెప్పించింది. ఈ నెలాఖరులోగా చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామని ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసి చెప్పారు.

"నాయిన కాళ్లకు జర స్పర్శ వచ్చేదాక నేను యాడికి పోను" అంది గ్లోరీ. ఇక ఆ మాట ఎత్తొద్దని తల్లికి గట్టిగా చెప్పింది.

మర్నాడు సాయంత్రం మామూలుగానే తండ్రిని కళ్లు మూసుకోమని సూది తీసింది.

"ఏమన్న తెలుస్తాందా?"

సైదులు కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

"చీమలు పాకినట్టున్నది బిడ్డా."

గ్లోరీ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"యాడ నాయినా?"

"బొటనవేలు కాడ. గాడ్నేనా?"

"ఔ. గాడ్నే."

ఆమె లేచి బయటికి వెళ్లి, వాకిట్లో చాలాసేపు నిలబడింది. లోపలికి వచ్చాక డాక్టరుతో మాట్లాడానని, ఇలాగే మొదలవుతుందన్నాడని చెప్పింది. జంగమ్మ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసింది.

తర్వాతి రోజు ముల్లు దిగినట్టుందన్నాడు సైదులు. ఆ తర్వాతి రోజు పళ్లు బిగించి తల పక్కకు తిప్పాడు.

"తేలు కుట్టినట్టున్నది. ఇగ ఆపు."

గ్లోరీ తండ్రి పాదాల మీద తల పెట్టి ఏడ్చింది. నువ్వు పోయి ఉద్యోగంలో చేరు, వచ్చేసరికి నేను లేచి కూర్చుంటానని అతను చెప్పాడు. ఆమె సరేనంది. రాత్రే బ్యాగు సర్దుకుంది.

పొద్దున ఆమెను బస్సెక్కించి జంగమ్మ తిరిగొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. పొయ్యి మీద నీళ్లు కాచి, చెంబులో తెచ్చి భర్త కాళ్లు కడగడానికి కూర్చుంది. నీళ్లు మరీ వేడిగా ఉన్నాయేమో చూడమంది.

"నన్నడుగుతె ఏం లాభమే" అన్నాడు సైదులు. "నాకేం తెల్వది. ఏనాడూ తెల్వలే. గా పిల్ల చదువుతుంటె విన్న మాటలే చెప్పిన. గట్ల చెప్పకపోతె నా పుండ్లు కడుక్కుంట ఈడనే ముసల్ది అయితుండె."

జంగమ్మ చెంబు కింద పెట్టింది. తన చెయ్యి నీళ్లలో పెట్టి చూసుకుని, కాళ్లు కడిగింది. బిడ్డకు ఈ సంగతి చెప్పొద్దని అతను మాట తీసుకున్నాడు.

బస్సు చిట్యాల దాటింది. ఎందుకేడుస్తున్నావని పక్క సీట్లో ఆమె అడిగితే, మా నాయిన కాళ్లకు స్పర్శ వస్తోందని గ్లోరీ చెప్పింది.

మొదట్లో గుచ్చిన చోట్లు మానక పుండ్లు పడినప్పటి నుంచీ, రోజూ సాయంత్రం తను సూది దించుతున్నది నాయిన కాలి పక్కనున్న పరుపులోకేనని మాత్రం చెప్పలేదు.