తీసేసిన నిమిషం

“ఆ రాయి పక్కన పెట్టమ్మా,” అన్నాడు టెక్నీషియన్.

ఆమె వినిపించుకోలేదు. భూకంపానికి కూలిన బడి స్థలంలో, యంత్రం పాతిన గొయ్యి పక్కనే, నేలమీద మూడుసార్లు కొట్టి చెవి ఆనించింది.

దేశమంతా భూకంపాలు పసిగట్టడానికి ఐదు దేశాలు కలిసి పెట్టించిన యంత్రాల్లో ఇదొకటి. ఏడాదిగా రోజూ ఉదయం పదింటికి ఆ మూడు దెబ్బలు ఇది గీసే నేల అదురుల గీతలో పంటికింద రాయిలా తగులుతున్నాయి.

“ఇక్కడ చప్పుడు చెయ్యకూడదమ్మా. పైవాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు.”

“మా పాప మూడో రోజు దాకా శిథిలాల కిందనుంచి ఇలాగే కొట్టింది బాబూ. అప్పుడు సాయానికొచ్చిన నువ్వే చెవి పెట్టి, ఇక చప్పుడు లేదు, తవ్వడం ఆపెయ్యండి అన్నావు.”

అతను గొయ్యి వైపు తల తిప్పుకున్నాడు.

“నిన్ను తప్పు పట్టట్లేదులే. అప్పుడు నీవి వట్టి చెవులు. దీనికి చీమ నడిచినా తెలుస్తుందట కదా. నేను కొట్టాక ఏమన్నా వినబడిందా?”

జేబులో ఫోను మోగింది. విదేశీ శాస్త్రవేత్త.

“ఇవాళ్టి రికార్డు కూడా శుభ్రం చేసి పంపుతారుగా?”

శుభ్రం చెయ్యడమంటే దెబ్బలతో పాటు ఆ నిమిషమంతా తీసేయడం. దెబ్బల తర్వాత ఏముందో అతను ఒక్కనాడూ చూడలేదు.

ఆమె ఇంకా అతని మొహంలోకే చూస్తోంది.

“లేదండీ. ఇవాళ్టిది ఉన్నదున్నట్టు పంపుతాను,” అని ఫోను పెట్టేశాడు.

ఆమె పక్కనే బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించాడు. ఈసారి తొందరగా లేవలేదు.