మొదటి అబద్ధం

అందరిళ్ళలోలాగే ఉజ్వల ఇంట్లోనూ పిల్లల ఎదుగుదలను కనిపెట్టి చెప్పే గోడ ఉంది. కూతురు చిన్మయి తన కడుపులో ఉండగా కన్న తొలి కలనూ, పుట్టాక నవ్విన తొలి నవ్వునూ చెప్పింది అదే.

తన తల్లి పోయాక ఉజ్వల ఇవాళే మొదటిసారి సున్నుండలు చుట్టింది. మినుములు మాడాయి. అయినా ఆశ చావక నాలుగేళ్ళ కూతురికి ఒకటి పెట్టింది. చిన్మయి కొరికి, అమ్మ మొహంలోకి చూసి, కష్టపడి మింగింది.

"అచ్చం అమ్మమ్మ చేసినట్టే ఉందమ్మా!"

వెంటనే గోడ మోగింది. "అభినందనలు! పాప మొదటి అబద్ధం ఆడింది. ఎదుటివాళ్ళ మనసు తెలుస్తోందన్నమాట."

చిన్మయి బిక్కమొహం వేసింది. "తప్పు చేశానా అమ్మా?"

ఉజ్వల కూడా ఓ ఉండ కొరికింది. ఒకటే చేదు.

"లేదు తల్లీ, గోడకి రుచేం తెలుసు? నిజంగా అమ్మమ్మ చేతి రుచే," అంది, పాపను ఒళ్ళోకి లాక్కుంటూ.

పెద్దవాళ్ళ అబద్ధాలకి గోడ మోగదు.