మూడో నిమిషం దాడి

"అయిపోయింది నా పని," అంటూ టైలరమ్మ మౌసు వదిలేసి, మెడలో వేలాడుతున్న టేపు సర్దుకుంది.

తెరమీద ఆమె కట్టుకున్న ఊరు భగభగా తగలబడిపోతోంది. ఇళ్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ముచ్చటగా కట్టింది గానీ, కాపలాకి ఒక్క సైనికుణ్ణీ పెట్టుకోలేదు. శత్రువులు తీరిగ్గా నడిచొచ్చి అంటించేశారు.

పక్కనే కూర్చున్న టీచరమ్మ తల పట్టుకుంది. స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఈ అమ్మాయి వారం కిందట జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి, ఇదే బల్ల దగ్గర ఇలాంటి ఓటమే చూసి ఊరుకోలేకపోయింది. కాలేజీ రోజుల్లో ఈ ఆటలో ఆమెకి ఎదురు లేదు. అప్పట్నుంచీ స్కూలు వదలగానే నేరుగా ఈ షాపుకే వస్తోంది.

టైలరమ్మ కొలతల పుస్తకంలో చివరి పేజీ తీసి, 'మూడు నిమిషాల పది సెకన్లు' అని రాసుకుంది. దానిపైన కొన్ని వారాలుగా రాసుకున్నవి పదకొండు, తొమ్మిది, ఆరున్నర, నాలుగు అని ఉన్నాయి.

"దాడి ఎప్పుడొచ్చిందో రాసుకుంటే ఏమొస్తుంది ఆంటీ? ఎందుకు ఓడారో రాసుకోండి."

"ఏదో నా పిచ్చి. మొదట్లో వాళ్ల దండు వచ్చేలోపు నేను టీ కూడా తాగేదాన్ని. పోన్లే పాపమని కావాలనే ఓడేదాన్ని. ఇప్పుడు నిజంగానే ఓడుతున్నాను," అని నవ్వింది టైలరమ్మ. ఓడిపోయి ఇంత సంబరపడే మనిషిని టీచరమ్మ ఎక్కడా చూడలేదు.

అవతల ఆడేవాడి పేరు తెరమీద 'ఎక్స్‌ప్రెస్' అని కనిపిస్తుంది. సరిగ్గా నాలుగింటికి వస్తాడు, అరగంట ఉంటాడు, పోతాడు. టైలరమ్మ మాత్రం అతన్ని 'మహానుభావుడు' అంటుంది.

ఇంతలో తెరమీద మహానుభావుడి మాటలు ప్రత్యక్షమయ్యాయి. 'నీతో గెలిచి గెలిచి విసుగొచ్చింది. రేపు ఒక్క ఆట ఆడతా. అదీ గెలిస్తే ఇక మానేస్తా.'

టైలరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మానేస్తే కొంప మునుగుతుంది టీచరమ్మా."

"వాడు కాకపోతే ఇంకొకడు. ఆడేవాళ్లకేం కరువు?"

"ఇంకొకడు నాకెందుకు?"

"పోనీ రేపు మీ బదులు నేను ఆడతాను. పది నిమిషాల్లో వాడి కోట నేలమట్టం చేసేస్తా."

"అమ్మో, వద్దు. అంత చిత్తుగా ఓడిస్తే మళ్లీ ఇటువైపు చూడడు. నాకు గెలుపొద్దు. ఆ దండుని ఆపడం ఒక్కటీ నేర్పు. అరగంట నిలబడితే చాలు."

గెలుపొద్దనే శిష్యురాలు దొరకడం తన ఖర్మ అనుకుంటూ టీచరమ్మ మళ్లీ మొదలుపెట్టింది. "మొదటి నిమిషంలోనే ఒక కూలీని వేగుగా పంపండి. అవతలివాడు ఇళ్లు కడుతున్నాడా, సైనికుల్ని పోగేస్తున్నాడా తెలుస్తుంది. రెండో ఇల్లు తర్వాత కట్టుకోవచ్చు, ముందు సైనిక శిబిరం కట్టండి. ఊళ్లోకొచ్చే దారికి అడ్డంగా కట్టి, ఒక్క మనిషి పట్టేంత సందు వదలండి."

"గుండీకి కాజా వదిలినట్టు."

"అంతే. ఇక ముఖ్యమైంది. దాడి రాగానే కట్టెలు కొట్టే కూలీలందర్నీ లేపి యుద్ధానికి తోలాలి."

టైలరమ్మ మొహం చిట్లించింది. "పనిలో ఉన్నవాళ్లని మధ్యలో లేపడమేంటి?"

ఇరవై ఏళ్లుగా ఆ షాపులో అదే చట్టం. మిషను మీద కూర్చున్నవాళ్లని కుట్టు పూర్తయ్యేదాకా ఎవరూ కదిలించకూడదు. ఊరు తగలబడుతున్నా ఆమె కూలీలు బుద్ధిగా కట్టెలు కొడుతూనే ఉండటానికి కారణం ఏంటో టీచరమ్మకి అప్పుడు అర్థమైంది.

మర్నాడు నాలుగింటికి ఆట మొదలైంది. వేగు వెళ్లి చూశాడు. అవతల ఒక్క ఇల్లూ లేదు, అంతా సైనికులే. టైలరమ్మ పెదవి కొరుకుతూ శిబిరం కట్టింది, సందు వదిలింది. గడియారంలో రెండు నిమిషాల యాభై సెకన్లు దాటుతుండగా దండు వచ్చిపడింది.

"కూలీలు! కూలీల్ని లేపండాంటీ!"

టైలరమ్మ చెయ్యి మౌసు మీద ఒక్క క్షణం బిగుసుకుపోయింది.

"లేవండర్రా," అంది గట్టిగా. "కుట్టు తర్వాత చూసుకుందాం."

కూలీలంతా గొడ్డళ్లతో సందు దగ్గరికి పరిగెత్తారు. శత్రువులు ఒక్కొక్కరుగా లోపలికి రావడం, పదిమంది మీదపడటం. దండు తుడిచిపెట్టుకుపోయింది. టీచరమ్మ ఆనందం పట్టలేక బల్ల మీద ఓ గుద్దు గుద్దింది, సూదుల డబ్బా కిందపడింది. తర్వాత ఇంకో మూడు దాడులు వచ్చాయి. ఒక్కటీ కాజా దాటలేదు.

నాలుగున్నరకి మాటలు వచ్చాయి. 'బతికిపోయావు. రేపు నాలుగింటికి చూస్తా నీ సంగతి.'

టైలరమ్మ ఆ మాటలు రెండుసార్లు చదువుకుంది. కళ్లు తుడుచుకుని, టీచరమ్మని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. పుస్తకంలో ఆనాటి లెక్క రాసి, ఫోను అందుకుంది.

"నేనేనండీ. మొదటివారం పదకొండు నిమిషాలు కదా, ఇవాళ మూడు కూడా కాలేదు. తర్వాత మరో మూడుసార్లు వచ్చారు. అరగంటా ఆగలేదు. రేపూ ఆడతానన్నారు."

తనకి తెలీకుండా ఇంకో గురువు కూడా ఉన్నాడన్నమాట అని టీచరమ్మకి మనసు చివుక్కుమంది. నేలమీది సూదులు ఏరుతూ చెవి అటే పెట్టింది. అవతలివాళ్లు ఏదో నమ్మలేనట్టు అడిగారు.

"అవును డాక్టరుగారూ," అంది టైలరమ్మ, "మా ఆయన పక్షవాతం వచ్చిన చేత్తోనే ఆడారు."