సంచిలో ఏముంటుంది

"అమ్మనిదాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చోవడం దేనికి వీబ్కె? సంతకొచ్చి ఉపవాసమా?" అన్నాడు పక్కబల్ల ఒలాఫ్.

వీబ్కె సంచి ముందున్న అట్టముక్కను సరిచేసింది. 'అమ్మకానికి కాదు. ఈ సైనికుణ్ణి ఎరిగినవాళ్ళుంటే చెప్పండి.'

ఓల్డెన్‌బుర్గ్ పశువుల వేలం హాల్లో ఏటా నవంబరులో జరిగే సంత అది. ఏ బల్ల మీద చూసినా యుద్ధంనాటి ఇనుపటోపీలు, బూట్లు, నీళ్ళసీసాలు. నిషేధించిన నాజీ గుర్తుల మీద బుద్ధిగా కాగితాలు అతికించి ఉంటాయి. పేరులేని సామానును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. లోపల సైనికుడి పేరుందంటే మాత్రం ఈగల్లా ముసురుతారు.

వీబ్కె ముందున్నది మాసిపోయిన రొట్టె సంచి. సైనికులు నడుముకు తగిలించుకునేది. మూత లోపల సిరాతో 'హాయో హార్మ్స్' అని ఉంది. ఆమె తండ్రి. ఆయన చివరిసారి సెలవు మీద వచ్చి వెళ్ళిన తొమ్మిది నెలలకు ఆమె పుట్టింది. నలభై అయిదు ఏప్రిల్ తర్వాత ఆయన కబురు లేదు. చచ్చాడని కాగితమూ రాలేదు, బతికున్నాడని ఉత్తరమూ రాలేదు. యాభై ఏళ్ళుగా ఇదే వరస.

మూడేళ్ళ కిందట ప్రాగ్ సంతలో ఆ సంచి దొరికింది. తెచ్చి చేతిలో పెడితే తల్లి గేషె కళ్ళు మూసుకుంది. వెనక పట్టీ ఎత్తి, బొటనవేలితో అస్తరును పైకి నెట్టింది. దొంగజేబు ఒకటి తెరుచుకుంది.

"నేను కుట్టిందే. ఎవ్వరికీ చెప్పనని మీ నాన్న చేత ఒట్టు వేయించుకున్నాను," అంది.

మొన్న ఏప్రిల్లో ఆవిడ పోయింది. పోయేముందు కోరింది ఒక్కటే. "ఆయన పోయిన తేదీ కూడా చెక్కించాకే నా సమాధిరాయి నిలబెట్టు."

ఆ రాయి ఇంకా చెక్కేవాడి పెరట్లోనే పడి ఉంది. తల్లి పక్కన తండ్రి పేరు, పుట్టిన ఏడు, ఆ తర్వాత ఖాళీ. సమాధి మీద చెక్క శిలువ వానకు నానుతోంది. అటు వెళ్ళినప్పుడల్లా వీబ్కెకు తల కొట్టేసినట్టుంటుంది.

మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. కళ్ళద్దాలు పెట్టుకుని అట్టముక్క చదివాడు. సంచిని చూశాడు గాని ముట్టుకోలేదు.

"పత్రికలో ప్రకటన వేసింది నువ్వేనా అమ్మా? నా పేరు ఎవాల్ట్ బ్రాండిస్. డ్రెస్డెన్ దగ్గర ఉంటాను. హాయో, నేను ఒకే గుంటలో పడుకున్నవాళ్ళం."

వీబ్కె కుర్చీ అంచు పట్టుకుంది. "ఇదివరకు ఇద్దరు ఇలాగే వచ్చారండీ. ఒకాయన మా నాన్నది ఎర్రజుట్టన్నాడు."

"నల్లజుట్టు. ఈల వేస్తే ఒక్క పాటే, అదీ శ్రుతి లేకుండా. తిట్టినా మానేవాడు కాదు."

ఆ ఈల గురించి తల్లి వందసార్లు చెప్పి నవ్వేది. వీబ్కె కూర్చోమని కుర్చీ జరిపింది.

"ఎక్కడ పోయాడు?"

"కాట్‌బుస్ దగ్గర, ఇటుకల బట్టీ వెనక. ఏప్రిల్ పంతొమ్మిది. పొద్దున్నే ఫిరంగి గుండు పడింది."

"మరి కాగితం ఎందుకు రాలేదు?"

"మెడలో గుర్తింపు బిళ్ళ విరిచి, సగం ఒంటి మీదే ఉంచి, సగం తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చింది నేనే. మర్నాడే ఆ ఆఫీసు తగలబడింది. కాగితం ఎవరు పంపుతారమ్మా?"

"మీ కళ్ళతో చూశారా?"

"ఈ చేతులతోనే పూడ్చాను."

వీబ్కె పుస్తకం తీసి తేదీ రాసుకుంది. అంకె వంకరపోయింది. దాన్నే మళ్ళీ దిద్దింది. ఒలాఫ్ కూడా బేరం ఆపి అటే చూస్తున్నాడు.

ఇంకొక్కటి అడగాలి. అడిగితే ఈయన కూడా అబద్ధాలరాయుడని తేలిపోతుందేమోనని భయం. అయినా అడిగింది.

"ఈ సంచిలో ఏదో ఉందని మా నాన్న మీకెప్పుడైనా చెప్పాడా?"

ఆయన అట్టముక్క వైపు చూశాడు. "సంచిలో ఏముంటుందమ్మా, ఎండిన రొట్టెముక్క తప్ప."

వీబ్కెకు ఏడుపు, సంతోషం ఒక్కసారే వచ్చాయి. పక్కన పడుకునే స్నేహితుడికి కూడా చెప్పలేదన్నమాట. ఆఖరిదాకా ఒట్టు తప్పలేదన్నమాట. సంచిని తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఒకసారి పట్టుకోండి. మీకన్నా దగ్గరివాళ్ళు ఆయనకిప్పుడు ఎవరున్నారు?"

ఆయన చేతులు దాని మీద ఆనీ ఆననట్టు ఆనాయి. "ఇక వెతకొద్దు తల్లీ. చచ్చినవాణ్ణి వదిలెయ్యి. ఇంటికెళ్ళి గేషెకి నెమ్మదిగా చెప్పు."

"అమ్మ పోయి ఏడు నెలలైందండీ."

ఆయన తలెత్తాడు.

"మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఎంతమంది అడిగినా వినలేదు. మా ఆయనొస్తే ఏ ముఖంతో తలుపు తియ్యనూ అనేది. ఆయన పోయిన తేదీ తెలిసి చెక్కించేదాకా తన సమాధిరాయి నిలబెట్టొద్దంది."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. జేబురుమాలుతో తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు. హాలంతా బేరాల గోల.

"ఆ తేదీ చెక్కించెయ్యమ్మా," అన్నాడు చివరికి.

అని, ఆమె ముఖం మీంచి చూపు తిప్పకుండానే, ఒళ్ళో ఉన్న సంచి వెనక పట్టీ ఎత్తి, బొటనవేలితో అస్తరును పైకి నెట్టి, కళ్ళద్దాలు ఆ జేబులో పెట్టుకున్నాడు.