ముప్పై ఒక్క కిలోవాట్లు

“రోజుకి ఎంతమంది స్నానం చేస్తారమ్మా ఈ ఇంట్లో?” అని అడిగాడు బాయిలర్ బిగించడానికొచ్చిన ఫెర్గస్, నోటుబుక్కు మోకాలి మీద ఆనించుకుని.

“ఆరుగురు,” అంది పాస్టరమ్మ.

పెన్సిలు ఆగింది. తలుపు తీసింది ఆవిడే, టీ పెట్టింది ఆవిడే, కొక్కేనికి వేలాడుతున్న ఒక్క కోటూ ఆవిడదే. పాస్టరు గారు ఏప్రిల్లో పోయారని, దారి అడిగినప్పుడు దుకాణంలో చెప్పనే చెప్పారు.

“మీరొక్కరే అనుకున్నానే.”

“నేనొక్కదాన్నే. నువ్వు ఆరని రాసుకో.”

రాసుకున్నాడు. భర్త పోయి ఆర్నెల్లయిన డెబ్బై ఏళ్ల మనిషితో లెక్కల దగ్గర వాదన దేనికి?

స్కాట్లండు ఉత్తరపు కొసన, సముద్రపు గాలికి ఎదురుగా నిలబడ్డ పదకొండు గదుల రాతి ఇల్లది. చర్చి ఆస్తి కాబట్టి మరమ్మతులు చర్చి కమిటీ చూసుకుంటుంది. ఇల్లంతా వేడెక్కించాల్సిన పాత బాయిలర్ వేసవిలో చేతులెత్తేసింది. కొత్తదానికి పద్దెనిమిది కిలోవాట్లు చాలని కమిటీలో కట్టడాల పనులు చూసే టల్లక్ రాసిన ఉత్తరం ఫెర్గస్ జేబులో ఉంది.

ఉత్తరాన్ని జేబులోనే ఉండనిచ్చి టేపు తీశాడు. పాత బాయిలర్ మీది అంకె చూసి కొత్తది బిగించే రకం కాదతను. ప్రతి గదిలో గోడలు, కిటికీలు, కప్పు ఎత్తు కొలిచి, దేని గుండా ఎంత వేడి బయటికి పోతుందో కూడుకుంటూ పోతాడు. ఇక్కడ కొలవడం సులువైంది. గదులు బోసిగా ఉన్నాయి. చదువుగదిలో బీరువాలు కూడా ఖాళీయే. పోయినాయన పుస్తకాలు ఎవరికో ఇచ్చేసినట్టున్నారు అనుకున్నాడు.

మేడ మీద ఉత్తరం వైపు గదులు రెండూ బావుల్లా చల్లగా ఉన్నాయి.

“ఇవి పిల్లల గదులు. జాగ్రత్తగా కొలువు,” అంది పాస్టరమ్మ.

“మనవలొస్తుంటారా?”

“మా ఇష్బెల్ ఇక్కడే పడుకునేది. అక్టోబరులో దగ్గు మొదలైతే మార్చి దాకా తగ్గేది కాదు. ఆరో ఏట మార్చి రాకముందే ఆగిపోయింది.”

ఆగిపోయింది దగ్గొక్కటే కాదని ఆ గొంతే చెప్పింది. ఫెర్గస్ టేపు నెమ్మదిగా చుట్టుకున్నాడు.

“ఒక మాట చెప్తాను, ఏమనుకోకండమ్మా. అన్ని గదులకీ అయితే ముప్పై ఒకటి కావాలి. కానీ మనిషి ఒక్కరే ఉండి, సగం గదులు మూసేసుకుంటే అంత పెద్దది దండగ. అయిదు నిమిషాలకోసారి వెలుగుతూ ఆరుతూ తొందరగా పాడైపోతుంది.”

“చలి నా వైపు నుంచి వస్తోందా, గోడల వైపు నుంచా?”

“గోడల నుంచేననుకోండి.”

“మరి గోడలకి చాలినంత పెట్టు.”

నాలుగింటికి టల్లక్ వచ్చాడు. పాస్టరమ్మ అతన్ని ఎప్పటిలా వెచ్చటి వంటింట్లోకి కాక, ఉత్తరపు భోజనాల గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. ఓట్స్ బిస్కట్లు, జున్ను అక్కడే సర్దింది.

“కోటు తీయండి టల్లక్ గారూ, మన ఇల్లే కదా.”

“ఉండనివ్వండి. ఎంత తేలింది ఫెర్గస్?”

“ముప్పై ఒకటి.”

“పద్దెనిమిది అని రాశానే.”

“కొలవకముందు రాశారండి.”

టల్లక్ ఆవిడ వైపు తిరిగాడు. “ఇన్నేళ్లూ మీ సంసారం మూడు గదుల్లోనే కదమ్మా నడిచింది? మిగతావి మూసే ఉండేవి.”

“చలికి మూశాం. తలుపులు మూయడం మాకు సరదా అనుకున్నారా? ఇది ఆ నాలుగో గది. ఎలా ఉంది?”

టల్లక్ చల్లారిన టీ కప్పుని రెండు చేతులతో పట్టుకున్నాడు. “ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారైనా అడిగారా? ఇప్పుడెందుకు మీకీ పట్టుదల?”

“అడగకపోవడం మర్యాదనుకున్నాం. జనం చందాలతో నడిచే ఇల్లు, నోరు తెరిస్తే ఏమనుకుంటారోనని. పొద్దున్నే కిటికీ లోపలివైపు మంచు గీకి పారబోసేదాన్ని. మీరు చూడ్డానికొస్తే ‘ఇల్లు హాయిగా ఉందండీ’ అనేదాన్ని. ఇష్బెల్‌ని పాతిపెట్టిన వారం కూడా అదే మాటన్నాను. ఇక అనను.”

టల్లక్ ముక్కు ఎర్రబడింది. చలికో, మరి దేనికో.

“కమిటీ నన్ను నమిలేస్తుంది,” అన్నాడు.

“వచ్చే మీటింగు ఈ గదిలోనే పెట్టండి. బిస్కట్లు నేను పంపిస్తాను.”

టల్లక్ కలం తీశాడు. వేళ్లు కొంకర్లు పోవడంతో సంతకం రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. ముప్పై ఒకటికే పెట్టాడు.

అతను వెళ్లాక ఫెర్గస్ సామాన్లు సర్దుకుంటుంటే మనసు బరువెక్కింది. ఇంత పోరాడి గెలిచింది, ఒంటరి మనిషి. ఖాళీ గదుల్ని వెచ్చబెట్టుకుంటూ కూర్చుంటుంది కాబోలు.

“మేడకి విడిగా ఒక వాల్వు పెడతానమ్మా. వద్దనుకున్నప్పుడు పై గదులకి వేడి ఆపేసుకోవచ్చు.”

“పెట్టు. ఆపడం మాత్రం నేర్పకు.”

“సరే. సోమవారం ఎనిమిదింటికల్లా వచ్చేస్తాను. తలుపు తీయడానికి మీరుంటారుగా?”

పాస్టరమ్మ కప్పులు ఎత్తుతూ అంది: “కొత్త పాస్టరమ్మ తీస్తుంది, నలుగురు పిల్లలట. నేను శనివారమే ఖాళీ చేస్తున్నాను.”