చెయ్యి తీస్తే ఆగని టిల్లర్

వంగతోటలోకి దిగేముందు బాలవ్వ టిల్లర్‌ను పరీక్షించింది. బ్లేళ్లకు ఎదురుగా అరటిబోదె పెట్టి, నడిపిస్తూ పిడి మీది నుంచి చెయ్యి తీసేసింది. బ్లేళ్లు ఆగలేదు. బోదెను తునకలు చేసి, నాలుగడుగులు ముందుకు పోయాక ఆగాయి. దాని తెర మీద మాత్రం ‘భద్రం’ అని పచ్చగా వెలుగుతోంది.

యంత్రాలను అద్దెకిచ్చే నరేందర్‌ను కేకేసింది.

“చెడిపోలేదక్కా,” అన్నాడతను. “మాటిమాటికి ఆగితే పని సాగుతలేదని కంపెనీవోళ్లు దానికి కొత్తగ నేర్పిన్రు. చెయ్యి తీస్తే, మల్ల పెడ్తవేమోనని కాసేపు చూస్తది.”

“నేను జారిపడితే?”

“పడేటట్టుంటే దానికి ముందే తెలుస్తది. నీకన్న తెలివైంది.”

“మొన్న మా చెల్లె పడ్డప్పుడు తెల్వకపాయెనా? పాదం నలిగేదాక చెయ్యికోసమే చూస్కుంట ఉన్నదా?”

“ఆమె చెప్పుల్లేకుంట నడిచిందట. కంపెనీ రిపోర్టుల అట్లనే ఉన్నది.”

బాలవ్వ టిల్లర్‌ను అతని వైపు తిప్పింది.

“నువ్వు బూట్లేసుకున్నవ్ గద. బోదె పెట్టిన కాడ కాలు పెట్టు. నేను చెయ్యి తీస్త.”

నరేందర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

పక్క సాళ్లలో అద్దె టిల్లర్లు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లంతా అది చూశారు. ఒకరి తర్వాత ఒకరు వంగి, తమ టిల్లర్ల బ్యాటరీలు ఊడదీయసాగారు.