వదులైన పోగు

బావి మీదికి వంగిన ఈతచెట్టుకు ఒక గిజిగాడు గూడు అల్లాడు. గిజిగాళ్లలో మగపిట్ట గూడు అల్లాలి, ఆడపిట్ట వచ్చి చూడాలి, ఆమెకు నచ్చితేనే కాపురం. ఒకామె వచ్చింది. లోపలికి తొంగిచూసి, గూడు పట్టుకుని ఊపి చూసి, ఎగిరిపోయింది. తర్వాత ఇంకెవరూ రాలేదు.

గిజిగాడు మనసు విరిగి పొలాల వెంట పడ్డాడు. చేలు గింజ పట్టేదాకా ఆ చెట్టు వైపే చూడలేదు.

"నేనెందుకు పుట్టినట్టు?" అని ఒకరోజు గట్టు మీది ఉడుతను అడిగాడు.

ఉడుత జామకాయ కొరుకుతూ, "గూడు అల్లడానికి" అంది.

"ఎవరూ ఉండని గూడు ఎందుకు?"

ఉడుత మిగిలిన సగం జామకాయ అతని ముందు పెట్టింది.

అసలా గూడు లేకపోతే ఈ బాధే ఉండదనిపించింది గిజిగాడికి. పీకి బావిలో పారేద్దామని వెళ్లాడు. ముక్కుతో ఒక పోగు పట్టి లాగాడు. గూడు ఊగింది.

"ఎవరది?" లోపల్నించి ఒక తల్లిపిచ్చుక గొంతు వినిపించింది. "గాలివానకు మా గూడు కొట్టుకుపోయింది. ఇది ఖాళీగా ఉంటే ఇక్కడే గుడ్లు పెట్టుకున్నాను. పిల్లలిప్పుడే నిద్రపోయారు. కాస్త మెల్లగా, అన్నా."

గిజిగాడు ఆ పోగును ఉన్నచోటే దోపి, ముడి బిగించాడు.

"ఏం లేదమ్మా. ఒక పోగు వదులైంది, అల్లినవాణ్ణి కదా, చూసిపోదామని వచ్చాను."